జంతికకు సమ్మతి పత్రం

జంతిక తింటే మనిషికి ఏమవుతుందన్న ప్రశ్న కోటిపర్తి విశ్వవిద్యాలయంలో పద్నాలుగు నెలలు నలిగింది. ఆ పద్నాలుగు నెలలూ విశ్వవిద్యాలయం గేటు ముందు బండి మీద జంతికలు అమ్ముడవుతూనే ఉన్నాయి. తిన్నవాళ్లు చేతులు దులుపుకుని బస్సెక్కి ఇళ్లకు పోతూనే ఉన్నారు. అయితే వాళ్లు ఊరికే తిన్నారు, పరిశోధన కోసం తినలేదు. తేడా అంతా అక్కడే ఉందని మానవ పరిశోధనా నైతిక పర్యవేక్షణ సంఘం వారు సెలవిచ్చినప్పుడు చిక్కాల వీరవేణికి మొదట్లో అర్థం కాలేదు. తరవాత అర్థమైంది గానీ, అప్పటికి ఆలస్యమైపోయింది.

వీరవేణి ఆహార శాస్త్రంలో పరిశోధక విద్యార్థిని. ఆరేళ్లుగా ఆమె చేస్తున్న పని ఒక్కటే, పళ్లు లేనివాళ్లు తినగలిగే జంతిక. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు, ఆమె తోటికోడళ్లు కూడా నవ్వారు. మెత్తటి జంతికదేముంది, వానాకాలంలో డబ్బా మూత పెట్టడం మరిచిపోతే ఎవరింట్లోనైనా తయారవుతుంది. వీరవేణి చెయ్యదలచింది అది కాదు. బోసినోటి పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడిగితే ఆమెకు ఒక సంగతి తెలిసింది. వాళ్లు బెంగపెట్టుకునేది రుచి కోసం కాదు, చప్పుడు కోసం. పాలలో నానబెట్టుకున్న జంతికలో వాముంటుంది, నువ్వులుంటాయి, చప్పుడు మాత్రం ఉండదు. కాబట్టి ఆమె జంతిక నోట్లో పడగానే కరుక్కుమనాలి, అన్న మరుక్షణం చిగుళ్లకు గుచ్చుకోకుండా కరిగిపోవాలి. ఉడికించిన పెసరపప్పు, వెన్న, బియ్యప్పిండి పాళ్లు మార్చి మార్చి నాలుగువందల పన్నెండుసార్లు గొట్టం నొక్కింది. నాలుగువందల పదమూడోసారి కుదిరింది. ఆ రోజు ప్రయోగశాలలో ఒక్కతే కూర్చుని, సంతోషం పట్టలేక కాసేపు ఏడ్చింది.

ఇక మిగిలింది ముప్పై మంది పళ్లు లేనివాళ్లు రుచి చూసి నాలుగు ముక్కలు చెప్పడం. మున్సిపల్ పార్కులో సాయంత్రాలు చేరే పెన్షనర్ల సంఘం వారు అడిగిన పావుగంటలో ముప్పై పేర్లు రాసిచ్చారు. రెండు రోజుల పని. ఆమె పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ గడువు ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు. వచ్చే ఏడాది మార్చి నెలాఖరు దాటితే ఆరేళ్ల శ్రమా కాగితాల కట్టగా మిగిలిపోతుంది. రెండు రోజుల పనికి ఏడాది పైన గడువుందని వీరవేణి ధీమాగా ఉంది.

సరిగ్గా అప్పుడే ఉపకులపతి గారు ఏదో చల్లటి ఊళ్లో మూడు రోజుల సదస్సుకి వెళ్లొచ్చారు. ఆయన ఏ సదస్సు నుంచి వచ్చినా ఒక కొత్త మాట వెంట తెచ్చుకుంటారు. అంతకుముందుసారి తెచ్చిన మాటకి క్యాంపస్‌లో గోడలన్నిటికీ ఆకుపచ్చ రంగేశారు. ఈసారి తెచ్చింది ‘నైతికత’. మనుషుల మీద చేసే ప్రతి పరిశోధనకూ ముందుగా నైతిక అనుమతి ఉండి తీరాలన్నారు. మాట మంచిదే. మనుషులకు సూదులు గుచ్చేచోట, కొత్త మందులు పోసేచోట అడ్డం నిలబడి అడిగే నాథుడు ఒకడు ఉండాలి. కానీ కోటిపర్తిలో వైద్యకళాశాల లేదు. భౌతికశాస్త్రం వాళ్లు తీగల మీద, మత్స్యశాఖ వాళ్లు రొయ్యల మీద, చరిత్ర వాళ్లు పోయినవాళ్ల మీద పరిశోధన చేసుకుంటారు. గాలించి చూడగా, విశ్వవిద్యాలయం మొత్తం మీద బతికున్న మనుషుల జోలికి వెళుతున్నది వీరవేణి ఒక్కతే. ఆ విధంగా తొమ్మిది మంది సభ్యులు, ఇత్తడి బోర్డు, రెండు బీరువాలు, మూడు రకాల రబ్బరు స్టాంపులు వచ్చి ఒక్క జంతిక మీద పడ్డాయి.

మొదటి సమావేశంలో అధ్యక్షులు ఆచార్య వాడపల్లి విశ్వమూర్తి గారు గొంతు సవరించుకున్నారు. ఆయన డెబ్బై రెండేళ్ల పెద్దమనిషి. ఇంట్లో ఎలా మాట్లాడతారో తెలియదు గానీ, సమావేశంలో మాత్రం శాసనం చెక్కినట్టు మాట్లాడతారు.

“ప్రతిపాదిత ఖాద్య పదార్థము రుచికరముగా ఉండునా?”

“చాలా బావుంటుందండి,” అంది వీరవేణి ఉత్సాహంగా.

“అట్లయిన అది అనుచిత ప్రలోభము. రుచికి లొంగి ఇచ్చిన సమ్మతి స్వేచ్ఛాయుత సమ్మతి కాజాలదు.”

వీరవేణి కంగారుపడింది. “అంత బాగోదులెండి. ఏదో ఒక మాదిరిగా ఉంటుంది.”

“బాగుండనిచో అది హాని. తెలిసి తెలిసి వృద్ధులకు హాని కలిగించుటను ఈ సంఘము ఎట్లు అనుమతించును?”

“మరి ఎలా ఉండమంటారండి?”

సభ్యులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. గంటన్నర చర్చించి, ‘ప్రలోభపెట్టనిదియు, హాని చేయనిదియు అగు మధ్యస్థ రుచి’ అని తీర్మానించారు. ఆ రుచి ఎలా ఉంటుందో రెండు పేజీల్లో రాసి తెమ్మన్నారు.

తరవాత సభ్య కార్యదర్శి డాక్టర్ పెదపూడి హైమవతి గారు అందుకున్నారు. ఆవిడ నియమావళి పుస్తకాన్ని అంగుళం దూరం కూడా వదలరు. “పాత్రధారి, అనగా పరిశోధనలో రుచి చూచు వ్యక్తి, ఏ దశలోనైనా తప్పుకొనవచ్చును. సగము నమిలిన పిమ్మట తప్పుకొనిన?”

“ఉమ్మేస్తారండి.”

“మింగిన పిమ్మట తప్పుకొనిన? మింగిన భాగమును తాము ఏ విధముగా ఉపసంహరింతురు?”

దీనికి వీరవేణికి ఒక జవాబు తట్టింది గానీ, పదిమందిలో చెప్పదగింది కాదని ఊరుకుంది. ‘సంతృప్తికరమైన సమాధానము రాలేదు’ అని మినిట్స్‌లో ఎక్కింది.

ఆ సంఘంలో తొమ్మిదో సభ్యుడు షేక్ మీరావలి. బజారులో టైలరు. నియమావళి ప్రకారం సామాన్య ప్రజల ప్రతినిధి ఒకరు ఉండాలి. సామాన్యులు ఎక్కడ దొరుకుతారా అని ఉపకులపతి గారు ఆలోచిస్తున్న రోజున మీరావలి ఆ హాల్లో స్టూలెక్కి కిటికీ కర్టెన్లకు కొలతలు తీసుకుంటున్నాడు. స్టూలు దిగేసరికి సభ్యుడైపోయాడు. ప్రతి సమావేశానికీ మెడలో టేపుతో వచ్చి చివరి కుర్చీలో కూర్చునేవాడు. అతణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. అతనూ అడగకుండా ఏమీ చెప్పలేదు.

వీరవేణి మొదట రాసిచ్చిన అర పేజీ సమ్మతి పత్రం మూడో సమావేశానికి ముప్పై ఒక్క పేజీలయింది. పెద్దవాళ్ల చూపు దృష్ట్యా అక్షరాలు పెద్దవి చెయ్యమన్నారు, ఎనభై ఎనిమిది పేజీలయింది. అందులో పదమూడో అధ్యాయం ‘జ్ఞాపక సంబంధ ప్రమాదములు’. జంతిక తినగానే పాత్రధారికి కన్నతల్లి గుర్తుకు రావచ్చుననీ, వచ్చినచో కంటతడి పెట్టవచ్చుననీ, అందుకని నూరు గజాల లోపల ఒక మానసిక నిపుణుడు సిద్ధంగా ఉండాలనీ దాని సారాంశం.

వీరవేణి ఆ కట్ట మోసుకుని పార్కుకి వెళ్లింది. పెన్షనర్ల సంఘం పెద్ద గనిరాజు గారు దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూశారు. ఆయన కాలవ మీద లాకు సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. కట్టుడు పళ్లు జేబులో ఉంటాయి, ఫొటోలు తీసేటప్పుడు మాత్రం నోట్లోకి వస్తాయి.

“ఏంటమ్మా ఇది, పొలం దస్తావేజులాగుంది? లాకు తలుపులెత్తి గోదారి నీళ్లు జిల్లా అంతా వదిలేసినోణ్ణి. అప్పుడు కూడా రెండు సంతకాలే పెట్టానమ్మా.”

“పేజీకో సంతకం పెట్టాలండి. పక్కన సాక్షి సంతకం కూడానండి.”

“జంతిక తినడానికి సాక్షా? ఆయ్, మా పెళ్లికి కూడా ఇంత గట్టిగా సాక్ష్యం లేదండీ!”

పక్క బల్ల మీద కామాయమ్మ గారు నవ్వారు. ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో పురుళ్ల నర్సుగా చేశారు. ఎనభై మూడేళ్లు. నోట్లో ఒక్క పన్ను కూడా లేకపోవడం వల్ల ఆ నవ్వు భలే ముద్దుగా ఉండేది. “మూడో పేజీకొచ్చేసరికి మొదటి పేజీ మర్చిపోతన్నానమ్మా. అదంతా నువ్వు చూసుకో గానీ, నా వంతు ఎప్పుడో అదొక్కటీ చెప్పు తల్లీ.”

“వచ్చే నెలలో అండి,” అంది వీరవేణి. ఆ మాట ఆవిడతో ఆరు నెలలపాటు చెప్పింది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఏడో సమావేశంలో న్యాయ సభ్యులు సూర్యప్రకాశం గారు ఒక కొత్త లోపం కనిపెట్టారు. పరిశోధకురాలు పార్కులో పెద్దవాళ్లను “బాగున్నారా?” అని అడుగుతున్నట్టు విశ్వసనీయంగా తెలిసిందట. అది అనుమతి లేకుండా ఆరోగ్య సమాచారం సేకరించడమే. పైగా వాళ్లు “బాగున్నాం” అంటున్నారట. అంటే సమాచారం చేతికొచ్చేసింది కూడా.

“మా ఇళ్లలో పెద్దవాళ్లు కనిపిస్తే పలకరించకుండా పోరండి,” అని వీరవేణి మొత్తుకుంది.

“పలకరింపు మీది కావచ్చును. సమాచారము పాత్రధారిది,” అన్నారు సూర్యప్రకాశం గారు. ఆ వాక్యం ఆయనకే ఎంతో నచ్చి రెండుసార్లు అన్నారు.

అది మొదలు వీరవేణి పార్కు పక్కనుంచి వెళితే తల తిప్పుకుని పోయేది. తప్పనిసరైతే ‘మిమ్మల్ని పలకరించవచ్చునా? అవును / కాదు’ అని అచ్చు వేసిన కార్డు చూపించేది. గనిరాజు గారు మొదటిరోజు దాన్ని పెళ్లి శుభలేఖ అనుకుని ఎవరిదమ్మా పెళ్లి అని అడిగారు.

పదకొండో నెలలో కామాయమ్మ గారు పోయారు. నిద్రలోనే, ఎవరికీ కష్టం కలిగించకుండా పోయారు. వీరవేణి వెళ్లి చూసి వచ్చి, ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు. ఒక్క జంతిక. ఆవిడ అడిగింది ఒక్క జంతిక. ప్రయోగశాలలో డబ్బా నిండా పెట్టుకుని కూడా ఇవ్వలేకపోయింది.

సంఘం వారు మాత్రం చాలా మాట్లాడారు. పాత్రధారి మరణాన్ని ఇరవై నాలుగు గంటల్లోగా ఎందుకు నివేదించలేదని సంజాయిషీ అడిగారు. ఆవిడ జంతిక తిననేలేదని వీరవేణి రాసిచ్చింది. అలాగైతే జంతిక తినకపోవుటకును, మరణమునకును గల సంబంధమును పరిశీలించుటకు హైమవతి గారి నాయకత్వంలో ఉపసంఘం వేశారు. ఉపసంఘం నాలుగుసార్లు సమావేశమై, మిగిలిన ఇరవై తొమ్మిది మంది కూడా ఇంకా జంతిక తినలేదు కనుక వారందరూ ప్రమాదంలో ఉన్నారని తేల్చింది. ఆ ప్రమాదం నుంచి వాళ్లను ఎలా కాపాడాలో చెప్పమని ఫైలు మళ్లీ పెద్ద సంఘానికే పంపింది.

చూస్తూ చూస్తూ మార్చి వచ్చింది. గడువుకి తొమ్మిది రోజులుండగా పద్నాలుగో సమావేశం పెట్టారు. ‘పరిశోధకురాలు ఖాద్య నమూనాను సభ్యుల భౌతిక పరిశీలనార్థం సమర్పించవలెను. పరిశీలన దృష్టి మాత్రము చేతనే జరుగును’ అని నోటీసు. వీరవేణి తెల్లవారకముందే లేచి తాజాగా జంతికలు వండి, స్టీలు డబ్బాలో పెట్టి, సీలు వేయించి, హాలు బయట అటెండరు పోలయ్య బల్ల మీద పెట్టింది. “నమూనా అండి, పిలిచినప్పుడు లోపలికి పంపండి,” అని మరీ చెప్పింది. పోలయ్య తలూపాడు. అతనికి కుడిచెవి కొంచెం మందం, ఆమె మాట్లాడింది అటువైపు నుంచి.

ఆ విశ్వవిద్యాలయంలో ఏ సంఘానికైనా ఒక ఆచారం ఉంది. అజెండాలో నాలుగో అంశం రాగానే లోపలికి టీ, ఏదైనా కారంగా తినడానికి వెళ్లాలి. ఏ అంశం వాయిదా పడినా నాలుగో అంశం మాత్రం పడదు. ఆ రోజు క్యాంటీను మూసి ఉంది. పోలయ్య టీ ఎక్కడినుంచో తెప్పించాడు, కారం సంగతే ఏం చెయ్యాలా అని చూస్తుంటే బల్ల మీద డబ్బా కనిపించింది. సీలు పీకి, మూత తీసి, వాసన చూసి, ప్లేట్లలో సర్దేశాడు.

లోపల వీరవేణి మూల కుర్చీలో తల వంచుకుని పదమూడో అధ్యాయానికి సవరణలు రాసుకుంటోంది. పెద్దలందరూ ఫైళ్లలో తలలు పెట్టి ఉన్నారు. ఎడమచేత్తో పేజీ తిప్పుతూ, కుడిచేతిని ప్లేటు మీదికి పోనిస్తూ, ఏం తింటున్నామో చూడకుండా తినడం వాళ్లకు ఇరవై ఏళ్ల అలవాటు. హాలంతా కరుక్కు కరుక్కుమని చప్పుడు. విశ్వమూర్తి గారు ఒకటి తిన్నారు. పేజీ తిప్పడం మానేశారు. రెండోది తిన్నారు. కళ్లు మూసుకున్నారు. ఆయనకు పైవరసా కిందివరసా కట్టుడు పళ్లేనని, అవి సరిగ్గా కూర్చోక ఎనిమిదేళ్లుగా ఆయన ఉప్మాలాంటి మెత్తటివి తప్ప ఏమీ తినడం లేదని ఆ హాల్లో ఎవరికీ తెలియదు. నాలుగోది తిన్నాక ప్లేటు ముందుకి తోసి, పక్కా వాడుక భాషలో అన్నారు. “పోలయ్యా, ఇంకో రెండు ఉంటే ఇలా వెయ్యి. ఈ క్యాంటీనోడు ఎప్పుడు మారాడయ్యా? బ్రహ్మాండంగా చేశాడు.”

ఆ మాటకు వీరవేణి తలెత్తింది. ప్లేట్లు చూసింది. సవరణలు రాస్తున్న పెన్నుకి మూత పెట్టేసింది.

ప్లేట్లు ఖాళీ అయ్యాక అధ్యక్షులు మళ్లీ శాసనంలోకి వెళ్లారు. “ఇక అయిదవ అంశము. నమూనాను ప్రవేశపెట్టుడు. సభ్యులెవ్వరును తాకరాదు.”

పోలయ్య ఖాళీ డబ్బా తెచ్చి బల్ల మధ్యలో పెట్టాడు. “ఇందులోయి ఇందాకే పెట్టేశానండి. మీరేగా మళ్లీ అడిగి ఏయించుకున్నారు.”

హైమవతి గారు మూతి తుడుచుకోబోయి, సాక్ష్యాధారం చెరిగిపోతుందని ఆగిపోయారు.

అందరికంటే ముందు తేరుకున్నది సూర్యప్రకాశం గారు. ఎంతైనా న్యాయవాది. “అనుమతి లేని ప్రయోగాత్మక ఖాద్యమును, సమ్మతి పత్రము లేకుండ, మానసిక నిపుణుడు లేకుండ, మనమే భుజించితిమి. కనుక మనము పాత్రధారులమైతిమి.”

“పాత్రధారులు తీర్పరులు కాకూడదు. పదిహేడో నియమము,” అన్నారు హైమవతి గారు నీరసంగా. ఆ నియమం రాసింది ఆవిడే. ‘స్వప్రయోజనము గల సభ్యులు తప్పుకొనగా, మిగిలినవారిలో అధిక సంఖ్యాకుల నిర్ణయమే సంఘ నిర్ణయము’ అని పైకి చదివి, చదివినందుకు బాధపడ్డారు.

“తినని సభ్యులెవరు?” అడిగారు అధ్యక్షులు.

చివరి కుర్చీ ముందు ప్లేటు పెట్టింది పెట్టినట్టే ఉంది. “నాకు రోజా అండి,” అన్నాడు మీరావలి. “రంజాన్ నెల కదండీ, పొద్దు గూకేదాకా మంచినీళ్లు కూడా ముట్టను.”

అధిక సంఖ్యాకులంటే ఇప్పుడు మీరావలి ఒక్కడే. ఎనిమిది మంది పెద్దలూ కుర్చీలు వెనక్కి జరుపుకుని గోడవారన కూర్చున్నారు. మీరావలి మెడలో టేపు సవరించుకుని, పద్నాలుగు నెలల్లో మొదటిసారి తనంతట తాను నోరు విప్పాడు.

“అమ్మా, మూడే అడుగుతాను. నూనె ఏ రోజుది?”

“ఇవాళ్టిదేనండి. మరిగిన నూనె మళ్లీ వాడను.”

“అందులో ఏమేం పడ్డాయో ముందే చెప్తారా? షుగరు, బీపీ ఉన్నోళ్లుంటారు. కొందరికి కొన్ని పడవు.”

“చెప్తానండి. రాసి చూపిస్తాను కూడా.”

“వద్దు అంటే?”

“వద్దంటే లేదండి. మధ్యలో ఆపేసినా అడగను. మళ్లీ కనిపిస్తే మామూలుగానే మాట్లాడతాను.”

మీరావలి తలూపాడు. “నేను కొలతలు తీసేటప్పుడు చెయ్యెత్తండి అంటాను. ఎత్తితే తీస్తాను. ఎత్తకపోతే, మొహమాటానికి ఎత్తినట్టుంటే, టేపు పక్కన పెట్టేస్తాను. ఆ కనిపెట్టడం వచ్చినోళ్లకి ఇంత కాగితం అక్కర్లేదండి. రానోళ్లకి ఇదేం సరిపోద్ది?” అని, ఎనభై ఎనిమిది పేజీల కట్ట పక్కకి జరిపి, మొదటి అర పేజీ పత్రం అడిగి తీసుకుని, ‘చెయ్యొచ్చు’ అని రాసి సంతకం పెట్టాడు. తన ముందున్న జంతికలు కాగితంలో చుట్టి ఇమ్మన్నాడు, సాయంత్రానికి పనికొస్తాయని.

మర్నాడు సాయంత్రం పార్కులో ఇరవై తొమ్మిది మందీ బల్లల మీద వరసగా కూర్చున్నారు. కావలసింది ముప్పై. ముప్పయ్యో మనిషి కోసం వీరవేణి పొద్దుటినుంచి ఊరంతా తిరిగింది. దొరికినవాళ్లందరికీ ఒకటో రెండో పళ్లు మిగిలే ఉన్నాయి. పేర్ల జాబితాలో చివర కామాయమ్మ గారి పేరు అలాగే ఉంది. దాన్ని చూస్తూ నిలబడి ఉండగా గేటు దగ్గర ఎవరో తచ్చాడుతూ కనిపించారు. గొడుగు చాటు చేసుకుని ఆచార్య విశ్వమూర్తి గారు.

ఆయన అటూ ఇటూ చూసి, కట్టుడు పళ్లు తీసి రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నారు. “ఒకరు తక్కువయ్యారని విన్నాను. నేను పనికొస్తానా అమ్మా?”

ఆయన ఎవరో తెలిసి గనిరాజు గారు బల్ల మీంచి లేచి మరీ చూశారు. “మీకూ లేవాండీ? అయితే పళ్లు లేకుండానే ఈ పిల్లని పద్నాలుగు నెలలు నంజుకు తిన్నారన్నమాట!”

పార్కంతా నవ్వింది. విశ్వమూర్తి గారు కూడా నవ్వారు. ఆ బోసినవ్వు అచ్చం కామాయమ్మ గారి నవ్వులాగే ఉండటం చూసి వీరవేణికి ఆయన మీద ఉన్న కోపం సగం పోయింది. మిగతా సగం మాత్రం దాచుకుంది.

“కానీ మీరు నిన్న తిన్నారు కదండి,” అంది.

“అది సమ్మతి లేకుండా తిన్నది. లెక్కలోకి రాదు,” అన్నారాయన గబగబా. పత్రం లాక్కుని సంతకం పెట్టబోయారు.

వీరవేణి పెన్ను మీద చెయ్యి అడ్డం పెట్టింది. “చదవకుండా పెట్టకూడదండి.”

ఆయన కళ్లజోడు పెట్టుకుని అర పేజీ మొత్తం చదివారు. చదవడానికి రెండు నిమిషాలు పట్టింది. సంతకం పెట్టి, వెళ్లి గనిరాజు గారి పక్కన కూర్చున్నారు. కామాయమ్మ గారి పేరు కొట్టెయ్యడానికి వీరవేణికి మనసొప్పలేదు. దాని కింద ఇంకో గీత గీసి ఆయన పేరు రాసుకుంది. తరవాత డబ్బా మూత తీసి, వరసలో మొదటినుంచి ఒక్కొక్కరినీ అడిగింది.

“బాగున్నారా?”

అందరూ బాగున్నామనే అన్నారు. ఇక పార్కులో ఒక మూలనుంచి ఇంకో మూలకి, ముప్పై బోసినోళ్లలోంచి కరుక్కు కరుక్కుమని చప్పుడు మొదలైంది.